అమ్మమ్మ ఎలా ఉన్నట్టుంది, కన్నా?

పోయిన చలికాలంలో ఒకరోజు మా పెద్దవాడు బడి నుంచి వచ్చి, బ్యాగు మెట్ల దగ్గర పడేసి, "అమ్మా, మా టీచర్‌కి నా మీద కోపం" అన్నాడు. ఎందుకురా అంటే తెలీదన్నాడు. కేకలేసిందా అంటే లేదన్నాడు. మరి నీకెలా తెలిసింది అంటే, "నావైపు చూసి నవ్వలేదు" అన్నాడు. ఆ రాత్రి అన్నం కెలికి వదిలేశాడు. మర్నాడు తెలిసింది, ఆవిడకు రెండు రోజులుగా పంటినొప్పి అని.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక అలవాటు పెట్టుకున్నాం. ఎదుటివాళ్ళ మనసు గురించి చెప్పేటప్పుడు "కోపంగా ఉన్నారు" అనం, "కోపంగా ఉన్నట్టున్నారు" అంటాం. ఐర్లండ్‌లోని కార్లోలో పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగు అమ్మానాన్నలందరికీ ఇదే చెప్పాలనిపిస్తోంది.

మనకిది కొత్తేం కాదు. "అలిగినట్టుంది", "ఒంట్లో బాగోలేదు కాబోలు", "ఎందుకో దిగులుగా కనిపిస్తున్నాడు" అని మన పెద్దవాళ్ళు రోజూ అనేవే. హిందీవాళ్ళకి "లగ్‌తా హై" ఎలాగో మనకీ "అట్టు" అలాగ. పిల్లలు ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అదే రాలిపోతుంది. "షీ ఈజ్ యాంగ్రీ" అనేసి, తామే నమ్మేస్తారు. "షీ సీమ్స్ యాంగ్రీ", "హీ లుక్స్ టైర్డ్" అనడం నేర్పండి. ఇక్కడ మనవాళ్ళకి ఒక చిక్కుంది. తెలుగులో "దిగులుగా" అంటాం కదా, ఆ "గా" వల్ల "లుక్స్ శాడ్లీ" అనబుద్ధేస్తుంది. ఇంగ్లీషులో అక్కడ "శాడ్" చాలు. "లుక్స్ లైక్ శాడ్" అనీ అనకూడదు. "హీ లుక్స్ లైక్ హిస్ ఫాదర్" అన్నట్టు, పోలిక చెప్పేటప్పుడు ఆ "లైక్" కావాలి.

ఇంకో దారి పిల్లల బ్యాగులోనే ఉంది. బడిలో జూనియర్ ఇన్‌ఫాంట్స్ నుంచే ఐరిష్ మొదలవుతుంది. మనకు రాదు కదా అని ఆ పుస్తకం తెరవం. ఒకసారి తెరిచి చూడండి. "నాకు దిగులుగా ఉంది" అనాలంటే ఐరిష్‌లో "తా బ్రోన్ ఓరమ్" అంటారు. మాటకు మాట చెబితే, దిగులు నా మీద ఉంది అని. క్షమించమని అడగడానికీ అదే మాట. అతనికి కోపమొస్తే, కోపం అతని మీద ఉందంటారు. మనకూ కోపం వస్తుంది, పోతుంది. బెంగ పట్టుకుంటుంది, వదులుతుంది. ఇంత దూరం నుంచి వచ్చి ఈ పోలిక చూసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. టీచర్‌కి నిజంగానే కోపమొచ్చిన రోజున మీ వాడితో చెప్పండి: వచ్చింది, రేపటికి పోతుంది.

ఇక్కడి ఇంగ్లీషు మాటలు మనమూ నేర్చుకోవాలి. "హీ వాజ్ ఎ బిట్ బోల్డ్ టుడే" అంటే మీవాడు ధైర్యవంతుడని కాదు, అల్లరి చేశాడని. "క్రాస్" అంటే కోపం. "గివింగ్ అవుట్" అంటే తిట్టడం. "ఇన్ బ్యాడ్ ఫామ్" అంటే మనసు బాగోలేదని. "గ్రాండ్" అంటే బాగానే ఉన్నా అని. ఇది మాత్రం జాగ్రత్తగా వినాలి. "హౌ వాజ్ స్కూల్?" అంటే మా చిన్నది తల దించుకుని "గ్రాండ్" అంటుంది. అలాంటప్పుడు పక్కన కూర్చుని తెలుగులో మళ్ళీ అడుగుతాను. ఇంగ్లీషులో దాచుకున్నది తెలుగులో బయటికొస్తుంది.

పిల్లలు మన మొహాల్నీ ఒక్కోసారి తప్పుగా చదువుతారు. 2025 జనవరి 31న కార్లో కౌంటీలో జరిగిన కారు ప్రమాదంలో ఇద్దరు తెలుగు యువకులు చనిపోయారు. ఆ రోజుల్లో మా మొహాలు చూసి పిల్లలు భయపడ్డారు. తమ మీద కోపమేమో అనుకున్నారు. దాచకుండా చెప్పాం: ఇది కోపం కాదు నాన్నా, దుఃఖం. దుఃఖంలో ఉన్నవాళ్ళతో ఇక్కడివాళ్ళు ఏమంటారో కూడా నేర్పాం. చెయ్యి పట్టుకుని "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అంటారు. అంతకుమించి ఏమీ అడగరు.

పిల్లలకి ఈ "ఉన్నట్టుంది" అనే మాట అలవాటు కావాలంటే వారం వారం చేసే వీడియో కాల్‌ని మించింది లేదు. చలికాలంలో మనకూ ఊరికీ ఐదున్నర గంటల తేడా. ఇక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి అక్కడ అమ్మమ్మ దీపం పెట్టుకుని కూర్చుంటుంది. "హాయ్ చెప్పు" అని మనం తొందరపెడతాం, వాళ్ళు చెయ్యి ఊపి పారిపోతారు. వచ్చే ఆదివారం ఫోను పిల్లల చేతికిచ్చి, "అమ్మమ్మ ఎలా ఉన్నట్టుంది, కన్నా?" అని అడగండి. వాళ్ళు చూసి చెప్పేదాకా ఆగండి. నీరసంగా ఉన్నట్టుంది అంటే, "అయితే అమ్మమ్మనే అడుగు" అనండి.