నిఘంటువులో చెట్టును వెదకుట

వృక్షశాస్త్రము చదువుటకు నిఘంటువుతో పనియేమి యని మన విద్యార్థులు అనుకొందురు. అది పద్యములకు ప్రతిపదార్థము వ్రాసికొనుటకే యని వారి ఊహ. తల్లిదండ్రులలో కొందఱికి వేఱొక సంశయము కలదు. చెట్ల పేర్లు తెలుగున నేర్చిన పిల్లవాడు రేపు కళాశాలలో లాటిను పేర్లు ఎదురైనప్పుడు తడబడడా యని వారు మమ్ము అడుగుచుందురు. ఈ రెండు సంశయములను తీర్చుకొనుటకు దూరము పోనక్కఱలేదు. పెరటిలోని గన్నేరు చాలును.

గన్నేరు అను పేరు గల మొక్కలు మన హోసూరు ప్రాంతమున నాలుగైనను కనబడును. ఎఱ్ఱని, తెల్లని, గులాబివన్నె పూలు పూచు గన్నేరు ఒకటి. గంటవంటి పసుపుపచ్చని పూల పచ్చగన్నేరు రెండవది. గుడి ముంగిట నుండు దేవగన్నేరు మూడవది. గోడప్రక్కన తనంత తానే మొలచు బిళ్లగన్నేరు నాలుగవది. ఈ కడపటిదానిని ఇక్కడి తమిళులు నిత్యకల్యాణి యందురు. నేను ఉపాధ్యాయశిక్షణ పొందిన పొరుగు రాష్ట్రమున బిళ్లగన్నేరు అను మాటయే వింటిని.

ఇప్పుడు నిఘంటువు తెరవుడు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. అట్టి నిఘంటువులలో మొక్కల పేర్ల కెదుట తఱచుగా వృక్షవిశేషము, ఓషధివిశేషము అని మాత్రమే యుండును. అనగా ఒకానొక చెట్టు, ఒకానొక మొక్క అని యర్థము. పిల్లలకు విసుగు పుట్టుట సహజమే. కాని నిఘంటుకారుని తప్పు పట్టరాదు. ఆయన కావ్యములు చదువువారి కొఱకు శ్రమించెను. పదము ఏ భాష నుండి వచ్చినదో, దానికి పర్యాయపదము లేవో తెలుపుటతో ఆయన పని తీరినది. గన్నేరునకు సంస్కృతమున కరవీరమని పేరు. అది మనకు మొదటి మెట్టు. ఛార్లెసు ఫిలిప్పు బ్రౌను 1852లో ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు రెండవ మెట్టు, ఏలయన నతడు పలు మొక్కలకు లాటిను నామములను గూడ చేర్చెను. మద్రాసు రాజధాని మొక్కలపై గాంబులు ఆరంభింపగా ఫిషరు ముగించిన గ్రంథము (1915–1936) మూడవ మెట్టు. పాత నిఘంటువులు పాఠశాలలో లేనిచో, నేడు ఆంధ్రభారతి అంతర్జాలపుటలలో వెదకవచ్చును.

ఈ మెట్లెక్కి చూచినచో గన్నేరు నీరియమ్ ఓలియాండర్ అగును. పచ్చగన్నేరు కాస్కబెలా థెవీషియా. పాత పుస్తకములలో థెవీషియా పెరువియానా. దేవగన్నేరు ప్లుమేరియా. బిళ్లగన్నేరు కాథరాంథస్ రోజియస్. నాలుగును వేర్వేఱు ప్రజాతులు. అయినను నాలుగును అపోసైనేసీ అను ఒకే కుటుంబమునకు చెందినవి! పచ్చగన్నేరు, దేవగన్నేరు అమెరికా ఖండము నుండియు, బిళ్లగన్నేరు మడగాస్కరు నుండియు వచ్చినవి. కావున ప్రాచీన కావ్యములలోని గన్నేరు మొదటిది మాత్రమే. పరదేశము నుండి వచ్చిన మొక్కలకు మన పల్లెవారు ఊరిలోని చుట్టము పేరే పెట్టిరి. వారు లాటిను చదువలేదు, పూవును చూచిరి. మీరును చూడుడు: విచ్చని మొగ్గలో అయిదు ఆకర్షణపత్రములు ఒకదానినొకటి చుట్టుకొని మెలిదిరిగి యుండును. నాలుగింటను ఇంతే.

ఇచట నొక హెచ్చరిక. గన్నేరు, పచ్చగన్నేరు గుండెను ఆపివేయగల విషము గలవి. పచ్చగన్నేరు గింజలు మఱియు ప్రమాదకరములు. మొగ్గలను కంటితో చూచుటయే కాని త్రుంపరాదు, నోట పెట్టరాదు. బిళ్లగన్నేరు నుండి విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ అను క్యాన్సరు మందులను తీయుదురు. ఆ పని కర్మాగారములది గాని వంటింటిది కాదు. గన్నేరు మందుకు మంచిదట అని ఎవరో చెప్పగా విన్నవాడు ఏ గన్నేరని అడుగకున్నచో ప్రాణము పోవును.

గన్నేరు విషయమున పేరు నిజము చెప్పినది. వేప విషయమున అట్లు కాదు. తురకవేప మీలియా అజెడరాక్. అది నిజముగా వేప కుటుంబమైన మీలియేసీ లోనిదే. నేలవేము ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. వేపతో దానికి చేదు తప్ప వేఱు చుట్టఱికము లేదు. కరివేప నిమ్మ, మారేడు, వెలగల కుటుంబమైన రూటేసీకి చెందినది. కరివేప ఆకును ఎండ కెదురుగా పట్టి చూచినచో సన్నని చుక్కలు మెఱయును. అవి నూనెగ్రంథులు. నిమ్మాకునను అవి కలవు, వేపాకున లేవు.

మూడు భాషల నడుమ పెరుగు మన పిల్లలు ఇక్కడ నొకమాట అడుగవచ్చును: తమిళులును నిలవేంబు అందురు, కన్నడిగులును నెలబేవు అందురు, ముగ్గురు చెప్పినది తప్పగునా? మంచి ప్రశ్న. ఉసిరి సంగతి చూడుడు. మనము నేల ఉసిరి యన్నదానిని తమిళులు కీళానెల్లి యనియు, కన్నడిగులు నెలనెల్లి యనియు అందురు. నెల్లి యనగా ఉసిరియే. ఇచట ముగ్గురి మాటయు సరియైనది. రెండును ఫిల్లాంథేసీ కుటుంబమువే. లిన్నేయసు 1753లో ఉసిరికి ఫిల్లాంథస్ ఎంబ్లికా అని పేరు పెట్టెను. తరువాతి పుస్తకములు పెక్కింట అది ఎంబ్లికా అఫిసినాలిస్ అయ్యెను. ఆ పేరు మాత్రమే చదివినవానికి నేల ఉసిరితో దాని బంధుత్వము కనబడదు. తెలుగు పేరు చదివినవానికి కనబడును. అయినను మూడు భాషల సాక్ష్యము ఒకచోట నిలిచి ఒకచోట వీగిపోయినది గదా. తీర్పు చెప్పవలసినది మొక్కయే. నేల ఉసిరి కొమ్మను తిరుగవేసి చూడుడు. ప్రతి చిట్టి ఆకు మొదటను ఒక కాయ వ్రేలాడుచుండును. అది సంయుక్తపత్రము కాదు, ఆకులు గల రెమ్మ. ఉసిరిలోను అట్లే.

సరిహద్దున ఒకే మాట మొక్కను మార్చుటయు కలదు. కన్నడమున కత్తాళె యన్నచో సామాన్యముగా నార తీయు ముళ్లమొక్క, మన కిత్తనార. తమిళమున కత్తాళై యన్నచో కలబంద. ఇంగ్లీషు నిఘంటువు ఈ చిక్కు తీర్చునని అనుకోరాదు, ఏలయన ఇంగ్లీషువారును కిత్తనారను అమెరికా కలబంద యనిరి! ఆకు విఱిచినచో కలబందలో గుజ్జు, కిత్తనారలో పీచు. కిత్తనార మొక్క ఏండ్ల తరబడి ఎదిగి ఒక్కమాఱు పూచి చచ్చును. కలబంద మాటిమాటికి పూచును. పూవును కోసి చూచినచో కలబంద అండాశయము ఆకర్షణపత్రములకు పైన, కిత్తనారది క్రింద నుండును.

లాటిను నామమును గూడ శాశ్వతమని నమ్మరాదు. నల్లతుమ్మ పాత నిఘంటువులలో అకేషియా అరాబికా, పిదప అకేషియా నైలోటికా. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర సభ అకేషియా అను పేరును ఆస్ట్రేలియా తుమ్మలకు నిలిపినందున ఇప్పుడది వాషెల్లియా నైలోటికా. తుమ్మ మాత్రము తుమ్మగనే యున్నది.

తల్లిదండ్రులకు ఒక మాట. లాటిను పేర్లలోనే తెలుగు కలదు. సామర్లకోటలో ఉద్యానము పెంచిన రాక్సుబరో, 1793లో కలకత్తా ఉద్యానమునకు పోకముందు, తెలుగుసీమ మొక్కలను వాని తెలుగు పేర్లతో వ్రాసికొనెను. జ్వరములకు బెరడు వాడు సోమిదచెట్టు అందొకటి. నేడు దాని శాస్త్రనామము సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. మొదటి మాట మన సోమిదయే; రెండవదానికి జ్వరహరమని యర్థము.

ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు ఇంటి చుట్టునున్న పది మొక్కలకు ఒక పుస్తకము కట్టవలెను. ఒక్కొక్క పుటలో ఇంట పలుకు పేరు, పొరుగువారి పేరు, నిఘంటువు చెప్పిన పర్యాయపదము, లాటిను నామము, అది దొరకిన గ్రంథపు సంవత్సరము వ్రాసి, క్రింద మొగ్గ బొమ్మ గీయవలెను. అవ్వలు చెప్పు పేర్లు నిఘంటువున లేకున్నను కొట్టివేయవలదు, ఎఱ్ఱసిరాతో వ్రాయుడు. బడి తెరచిన పిదప వానినే ముందు చూతము.