పొట్టేలు కండలో బియ్యపు గింజలు

ప్రశ్న: రాజమండ్రి దగ్గర లంకలో గొర్రెలు పెంచుతున్నాం. పండక్కి కోసిన పొట్టేలు ఆహారనాళం మీద, దవడ కండలో తెల్లని గింజలు కనిపించాయి. ఆ మాంసం తినొచ్చా? మందకు ప్రమాదమా?

జవాబు: ఆ గింజను గోటితో నొక్కి చూడండి. గట్టిగా, కండ పోగుల వెంట కోలగా ఉంటే అది చాలావరకు సార్కోసిస్టిస్ అనే పరాన్నజీవి తిత్తి. పిల్లి పెంట పడిన మేత ద్వారా గొర్రెకు చేరుతుంది. నీరు నిండిన బుడగలా ఉండి, లోపల తెల్లని చుక్క కనిపిస్తే టీనియా ఓవిస్ అనే బద్దెపురుగు పిల్లదశ. ఇది కుక్క నుంచి వస్తుంది. గుండె, నాలుక, దవడ కండల్లో ఎక్కువ. పాతబడితే సున్నం పట్టి గట్టిపడుతుంది, అప్పుడు కంటితో తేల్చడం కష్టం.

ఈ రెండూ మనిషికి సోకవు. గింజలు ఒకటి రెండయితే కోసి తీసేసి, మాంసం బాగా ఉడికించండి. ఎక్కువుంటే ఆ మాంసం తినడం మానేయండి.

కాలేయం, ఊపిరితిత్తుల్లో కనిపించే హైడాటిడ్ నీటితిత్తుల సంగతి వేరు. వాటిని తిన్న కుక్క పెంటలోని గుడ్లు మనుషులకూ జబ్బు తెస్తాయి.

కోత దగ్గర తల, కాలేయం, ఊపిరితిత్తులు కుక్కలకు, పిల్లులకు విసరడంతోనే ఈ చిక్కంతా. వాటిని లోతుగా గుంత తీసి పాతండి. కాపలా కుక్కకు పశువైద్యుడు చెప్పిన మోతాదులో బద్దెపురుగుల మందు ప్రాజిక్వాంటెల్ వేయించండి. మేత మీదికి పిల్లుల్ని రానివ్వకండి. గొర్రెలకు తాగించే మామూలు నట్టల మందుతో కండలోని తిత్తులు పోవు.

మందలో జ్వరం, రక్తహీనత కనిపించినా, చూడి గొర్రెలు ఈసుకుపోయినా వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. గింజలున్న కండ ముక్కను ఐసులో పెట్టి దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి.