బుడ్డల చెట్టు అడిగించే ప్రశ్న

చెల్లీ, ఒక మాట అంటాను, కోప్పడొద్దు. మొన్న చేన్లో మీ చిన్నది "అమ్మా, బుడ్డల చెట్టుకు పువ్వు పైన పూసింది కదా, మరి కాయ మట్టిలోకి ఎట్లా పోయింది?" అని అడిగితే నువ్వేమన్నావు? "నోరు మూసుకోని కలుపు తియ్" అన్నావు. తప్పు పట్టడం లేదులే. ఆ ఎండలో నడుము వంచినవాళ్లకు ఓపిక ఎక్కడినుంచి వస్తుంది!

కానీ సైన్సు సారు ఏడాదంతా ఎదురుచూసే ప్రశ్న అదేనమ్మా. ఆ పసుప్పచ్చ పువ్వు వాడిపోయాక, దాని మొదట్లోంచి ఊడ సాగి మట్టిలోకి దిగుతుంది. కాయ కట్టేది ఆ ఊడ కొనలోనే. నేల బిగుసుకుపోతే ఊడ దిగదు. ఊడలు దిగేటప్పుడు వాన మొహం చాటేస్తే మీ ఆయనకు ముద్ద దిగనిది అందుకే. ఒక్క చెట్టు పీకి చూపించు, చాలు. అదే చేత్తో వేళ్లకున్న బుడిపెను గోటితో చిదుము. లోపల ఎర్రగా ఉంటే, అందులోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తున్నట్టే.

"మనది కరువు సీమ, మన బడుల్లో ల్యాబులేవీ?" అంటావు. ల్యాబు ఉండాల్సిందే, అడగాల్సిందే. అది వచ్చేదాకా కరువునే పాఠం చేసుకుందాం. మన అనంతపురంలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. టీవీలో "20 మిల్లీమీటర్లు కురిసింది" అంటారు, మనం తలూపుతాం. ఇంతకీ మిల్లీమీటరంటే ఎంత? ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న చోట ఒక లీటరు నీళ్లు. ఎకరా అంటే 4,000 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువే. అంటే 20 మిల్లీమీటర్ల పదును వానకు ఎకరా చేన్లో 80,000 లీటర్లకు పైగా పడ్డట్టు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు పదహారు!

ట్యాంకరు కోసం బిందె పట్టుకుని వరుసలో నిలబడిన పిల్ల ఈ లెక్క విన్నాక ఊరుకుంటుందా? "మరి ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోయినాయి?" అంటుంది. ఆవిరైందెంత, వంకలో కలిసిందెంత, నేల తాగిందెంత... గట్లు ఎందుకు వేస్తారో, చెక్‌డ్యామ్ ఎందుకు కడతారో, పక్కింటి బోరు ఎందుకు ఎండిందో అన్నీ అక్కడినుంచే మొదలు. కొలవడానికి పెద్ద సామానేమీ అక్కర్లేదు. అడుగు చదునుగా, గోడలు నిట్టనిలువుగా ఉన్న డబ్బా ఒకటి, స్కేలు ఒకటి. బిందె మాత్రం పెట్టొద్దు, మూతి సన్నం కాబట్టి లెక్క తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో దాన్నే ఆలోచించనీ.

చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్లు చేసేదీ ఇలాంటిదే. 1999లో రామ్‌జీ రాఘవన్ మొదలుపెట్టారు. ప్రయోగాల సామాన్లు వ్యాన్లలో పల్లె బడులకే తీసుకెళ్లి, పిల్లల చేతికిచ్చి చేయిస్తారు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక వాళ్ల 'చెకుముకి' పత్రిక ఉంది, పిల్లలకు పోటీలూ పెడతారు. మీ బడికి వస్తుందో లేదో కనుక్కో. నాన్న కొనిపెట్టిన థర్మోకోల్ అగ్నిపర్వతానికి ప్రైజు ఇచ్చే సైన్స్ ఫెయిర్ల మీద మాత్రం నాకు నమ్మకం లేదు, ఏమనుకున్నా సరే.

ఇంకొకటి. ఆగస్టు 13కు అటూ ఇటూగా మన ఊళ్ల మీద సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మబ్బు లేకపోతే, మధ్యాహ్నం పన్నెండూ ఇరవై దాటాక వాకిట్లో ఒక స్టీలు గ్లాసు బోర్లించి పిల్లను పిలువు. గ్లాసు పక్కన నీడే కనపడదు. "ఎందుకమ్మా?" అంటే, తెలిస్తే చెప్పు. తెలియకపోతే "నాకూ తెలీదు, రేపు సారును అడిగొచ్చి నాకు చెప్పు" అను. నోరు మూసుకోమని మాత్రం అనొద్దు, నీకు పుణ్యముంటుంది.