ముందు ఇంట్లో మాట, తర్వాతే ఆట

మిల్వాకీ

చి.ల.సౌ. బుజ్జమ్మకు మేనత్త ఆశీస్సులు.

పాపకు జలుబు తగ్గిందని మీ అమ్మ చెప్పింది, మనసు కుదుటపడింది. మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టం లేక ఉత్తరం రాస్తానన్నాను. పెళ్ళికి ముందు బెంగళూరులో వారం వారం డంజియన్స్ అండ్ డ్రాగన్స్, అదే మన డి అండ్ డి, ఆడేదానివి. డాలస్ వచ్చి, పాప పుట్టాక అది అటకెక్కింది. ఇప్పుడు మళ్ళీ ఆడాలని ఉంది. ఎవరితో ఆడాలో తెలియడం లేదు. పైగా పసిపిల్లను పెట్టుకుని ఈ కోరికేమిటని నువ్వే వెనక్కి తగ్గుతున్నావు.

తగ్గకు తల్లీ. పొద్దున లేచింది మొదలు పాపకు అమ్మవి, ఆఫీసులో టీమ్‌కు లీడువి, మీ అత్తగారికి కోడలివి. నెలలో కొన్ని గంటలు నలుగురితో కూర్చుని కథ అల్లుకుంటూ, నువ్వు అనుకున్న మనిషిగా మాట్లాడి నవ్వుకోవడం కూడా నీకు కావాలి. దానికి ఎవరి దగ్గరా సంజాయిషీ అక్కర్లేదు. అడగాల్సింది మాత్రం ఒకటుంది. దాని గురించే ఈ ఉత్తరం. ముందు ఈ ఆట పుట్టిన కథ విను.

నేనుండే చోటికి గంట దూరంలో లేక్ జెనీవా అని చిన్న ఊరుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రాసిన ఆ ఆట 1974లో మొదటి పెట్టెలుగా బయటికొచ్చింది అక్కణ్ణుంచే. వెయ్యి పెట్టెలు, అన్నీ చేత్తో సర్దినవే. అంతకు ముందు 1970లో గైగాక్స్‌కు ఇన్సూరెన్స్ ఉద్యోగం పోయింది. బూట్లు బాగుచేస్తూ ఐదుగురు పిల్లల్ని సాకాడు. ఆయన కాగితం మీద గీసిన నేలమాళిగలోకి మొట్టమొదట దిగింది ఎవరనుకున్నావు? ఆయన కొడుకు ఎర్నీ, కూతురు ఎలీజ్. కాబట్టి ఇది పెళ్ళికాని కుర్రాళ్ళ ఆట అని ఎవరైనా అంటే నమ్మకు. పుట్టడమే పిల్లలున్న ఇంట్లో పుట్టింది.

ఆయన కథలోనే ఇంకో ముక్క కూడా ఉంది. ఈ ఆట పుట్టడానికి చాలా ముందే ఆయనకు యుద్ధ ఆటల పిచ్చి. సాయంత్రాలు ఇంట్లో కనపడకుండా పోయేవాడు. రెండో బిడ్డను మోస్తున్న భార్య మేరీ జో, ఈయన ఇంకెవరితోనో తిరుగుతున్నాడని అనుమానపడి వెతుక్కుంటూ వెళ్ళిందట. తీరా చూస్తే ఒక స్నేహితుడి బేస్‌మెంట్‌లో, మ్యాపులు పరిచిన బల్ల చుట్టూ స్నేహితులతో కూర్చుని ఉన్నాడు. ఆయన గురించి రాసినవాళ్ళు దీన్ని వేడుకగా చెబుతారు. నాకు మాత్రం ఆ వేళ ఆవిడ మెట్లు దిగుతూ ఎలా ఉండి ఉంటుందోనన్న ఆలోచనే వస్తుంది. ఆట తప్పు కాదు. ఆ సాయంత్రాలు ఇంట్లో మాట్లాడుకుని తీసుకున్నవి కాకపోవడమే తప్పు.

అందుకే గుంపును వెతకడానికి ముందు అల్లుడితో కూర్చో. "ఎప్పుడైనా వీలైతే ఆడతాను" అని చెప్పకు. వీలు అనేది పసిపిల్లలున్న ఇంట్లో దానంతట అది రాదు. నెలకు రెండు సాయంత్రాలు, ఫలానా వారం, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అని తేల్చుకోండి. అన్నే సాయంత్రాలు అతనికీ ఇవ్వు. క్రికెట్ ఆడతాడో, గదిలో తలుపేసుకుని నిద్రపోతాడో అతనిష్టం, ఏం చేశావని అడగకు. నీ ఆట ఉన్న రోజు పాపకు అన్నం పెట్టి పడుకోబెట్టే పని పూర్తిగా అతనిదే కావాలి. నువ్వు సగంలో లేచి పాల సీసా ఎక్కడుందో చెప్పాల్సి వస్తే అది నీ సాయంత్రం కాదు. మీ అత్తగారు వచ్చి ఉన్న నెలల్లో ఆ భారం ఆవిడ మీదికి జారనివ్వకు. ఆవిడ కాదనరు, అది నాకు తెలుసు. మనవరాలిని చూసుకోవడానికి సముద్రాలు దాటి వచ్చినావిడను మన సరదాకు కాపలా పెట్టకూడదు.

అల్లుణ్ణి కూడా ఆటలోకి లాగాలని చాలామంది సలహా ఇస్తారు. అతనికి ఇష్టమైతే సరే. నీ సంతోషం కోసం మూడు గంటలు కూర్చునే మనిషిని పక్కన పెట్టుకుని ఆడితే ఇద్దరికీ బాధే.

ఇక ఆట ఎలాంటిదన్న విషయం. ఇక్కడే సంసారం ఉన్నవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటారు. బెంగళూరులో మీరు ఆడింది ఏళ్ళ తరబడి సాగే క్యాంపెయిన్. ఐదుగురూ ప్రతి వారం వస్తేనే అది నడుస్తుంది. ఒకరికి నైట్ కాల్ పడితే వాయిదా, ఇంకొకరి పిల్లాడికి జ్వరమొస్తే వాయిదా. నాలుగు వాయిదాలు పడ్డాయంటే కథ ఎక్కడ ఆగిందో ఎవరికీ గుర్తుండదు. అలాంటి దాంట్లో ఇప్పుడు చేరకు. ఒక్క సాయంత్రంలో ముగిసే వన్‌షాట్‌తో మొదలుపెట్టు. జేసన్ మార్నింగ్‌స్టార్ 2009లో తెచ్చిన ఫియాస్కో అనే ఆట ఉంది, దానికి ఆట నడిపే డంజియన్ మాస్టర్ (డి.ఎం.) అక్కర్లేదు. ముగ్గురి నుంచి ఐదుగురి దాకా కూర్చుంటే రెండు మూడు గంటల్లో కథ అయిపోతుంది. ఎవరూ ముందుగా తయారై రావాల్సిన పని లేదు. 2023లో వచ్చిన షాడోడార్క్ అనే ఆటలో కాగడా నిజమైన గడియారం ప్రకారం గంటసేపే వెలుగుతుంది. బల్ల మీద టైమర్ నడుస్తుంటే ఎవరూ తలుపు తియ్యాలా వద్దా అని అరగంట చర్చించరు. పది గంటలకు ఇంట్లో ఉండాల్సిన వాళ్ళకు అది ఎంత మేలో ఆడి చూస్తే తెలుస్తుంది.

కొన్నాళ్ళు పోయాక సాగే కథే కావాలనిపిస్తే బెన్ రాబిన్స్ నడిపిన వెస్ట్ మార్చెస్ పద్ధతి చూడు. అందులో ఆడేవాళ్ళు పది పన్నెండు మంది ఉంటారు, రోజంటూ ముందుగా ఉండదు. ఎవరికి కుదిరితే వాళ్ళు నలుగురైదుగురు కూడి రోజు ఖాయం చేసుకుని డి.ఎం.కు చెబుతారు. ప్రతి ప్రయాణం ఊళ్ళో మొదలై, మళ్ళీ ఊళ్ళోకి తిరిగొచ్చి ముగుస్తుంది. నువ్వు నెల్లాళ్ళు రాకపోయినా నీ పాత్ర ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క. ఎవరి ఆటా ఆగదు, ఎవరూ నిన్ను తప్పుపట్టరు.

మా లైబ్రరీలో నేను నడిపే ఆట బల్లకు ఒకావిడ కవల పిల్లల్ని పడుకోబెట్టి వస్తుంది. ఫోను చప్పుడు తీసేసి, తెర పైకి ఉండేలా తన కాగితం పక్కనే పెట్టుకుంటుంది. వెలిగిందంటే లేచి వరండాలోకి వెళ్తుంది. అంతసేపూ ఆమె పాత్ర గుర్రాలకు కాపలా కాస్తుంది. తిరిగొచ్చాక పక్కనున్న కుర్రాడు జరిగింది రెండు వాక్యాల్లో చెప్పి, పాచికలు ఆమె ముందుకు జరుపుతాడు. ఎవరూ ముఖం చిట్లించరు, ఆమె క్షమించమనదు. నీకు కావాల్సింది అలాంటి బల్ల. నియమాలు నోటికొచ్చిన వాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, ఇలాంటి వాళ్ళను వెతుక్కోవాలి.

ఎక్కడ దొరుకుతారంటే, ముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడుగు. ఇక్కడ చాలా లైబ్రరీలు పెద్దవాళ్ళకూ ఈ ఆట పెడుతున్నాయి. తర్వాత గేమ్ షాపులు. అడ్వెంచరర్స్ లీగ్ నడిపే షాపైతే అదే పాత్రను లీగ్ నడిపే వేరే బల్లకూ తీసుకుపోవచ్చు, ఆ వారం కుదరకపోతే పై వారం చేరొచ్చు. మొదటిసారి పరాయి ఇంటికి, ముఖ్యంగా బేస్‌మెంట్‌కి, వెళ్ళకు. పదిమంది తిరిగే చోటే కలువు. ఆట మొదలుకాక ముందు సెషన్ జీరో పెట్టమని అడుగు. కథలో ఏవి రాకూడదో అక్కడే చెప్పెయ్. పాప పుట్టాక, పిల్లలకు హాని జరిగే సన్నివేశాలు నీకు పడటం లేదన్నావు కదా, ఆ మాట అందరి ముందూ అను. ఎవరైనా ముట్టుకుంటే ఆ సన్నివేశం ఆపేసే ఎక్స్ కార్డ్‌ను బల్ల మీద ఉంచే అలవాటు వాళ్ళకుంటే ఇంకా మంచిది. నీ మాటకు ఎవరైనా నవ్వితే, టీ తాగి వచ్చేసెయ్, రెండోసారి వెళ్ళకు. ఎన్నింటికి ముగిస్తారనీ అడుగు. "అది కథను బట్టి" అనే డి.ఎం. ఎంత గొప్పవాడైనా ఇప్పుడు నీకు పనికిరాడు.

మీ బెంగళూరు గుంపును కూడా వదులుకోవద్దు. ఎండాకాలంలో మీ శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడ ఆదివారం ఉదయం ఏడు. నవంబరులో మీ గడియారాలు వెనక్కి తిప్పాక అదే ఎనిమిదవుతుంది. నీకు పాప పడుకున్నాక, వాళ్ళకు ఇంట్లోవాళ్ళు లేవకముందు. ఆన్‌లైన్‌లో రోల్20లోనో డిస్కార్డ్‌లోనో కూర్చోవచ్చు. పాపను పడుకోబెట్టి హాల్లో ఆడేటప్పుడు స్టీలు పళ్ళెంలో పాత నూలు చీర ముక్క నాలుగు మడతలు వేసి పరుచుకో. ఇరవై ముఖాల పాచిక దాని మీద పడితే చప్పుడే ఉండదు.

పుస్తకాలకు డబ్బులు తగలెయ్యకు. డి అండ్ డి ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ ఇచ్చేశారు, వాటితో బోలెడంత ఆడొచ్చు. పాపను కూడా ఆటలో కూర్చోబెట్టాలని తొందరపడకు. దానికి ఇప్పుడు నువ్వు చెప్పే కథలు చాలు, చదవడం వచ్చాక అదే అడుగుతుంది.

ఈ ఆదివారం పాప మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు అల్లుడూ నువ్వూ క్యాలెండర్ ముందేసుకోండి. ఏ రెండు సాయంత్రాలు నీవి, ఏ రెండు అతనివి అన్నది తేలాక నాకు ఫోన్ చెయ్యి. బల్ల దొరికేలోగా మొదటి వన్‌షాట్ ఆన్‌లైన్‌లో నేనే నడుపుతాను, బెంగళూరు వాళ్ళనూ పిలువు.

ఆశీస్సులతో,
మీ మేనత్త