తారు రోడ్డు గట్టిదనం – తవ్వకుండా తెలుసుకోవడం

సంతలో కుండ కొనేటప్పుడు మన అమ్మలు వేలితో తట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు. పగలగొట్టి చూసి కొనేవారెవరూ లేరు. రోడ్డును పాడుచేయకుండా పరీక్షించడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

ఈ హాస్టల్లో ఉంటూ పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతున్న మేము ఈ విషయం ఎంచుకోవడానికి కారణం మన గేటు ముందు రోడ్డు. పైన రెండుసార్లు తారు వేశారు, రెండుసార్లూ మొసలి చర్మంలా పగిలింది. లోపం పైనున్న తారుదా, కింది మట్టిదా? అది తెలియకుండా మూడోసారి వేసి ఏం లాభం? తవ్వి చూడవచ్చు గానీ, తవ్విన చోట నీరు దిగి రోడ్డు ఇంకా చెడుతుంది.

బలం వేరు, దృఢత వేరు. ఎంత బరువుకు విరుగుతుందో చెప్పేది బలం. బరువు పెడితే ఎంత వంగుతుందో చెప్పేది దృఢత. ఇంటర్ భౌతికశాస్త్రంలో చదివిన యంగ్ గుణకం వంటిదే ఇక్కడా కొలత. అయితే తారు ఎండకు మెత్తబడుతుంది. వి.జి.30 తారు మిశ్రమానికి 20 డిగ్రీల వద్ద 3500 మెగాపాస్కల్‌లుగా తీసుకునే గుణకం 40 డిగ్రీల వద్ద 1250కి పడిపోతుంది. కాబట్టి ఉష్ణోగ్రత రాయని రీడింగు పనికిరాదు.

మన దేశంలో చాలాకాలంగా వాడుతున్నది బెంకెల్‌మన్ బీమ్. 1950లలో అమెరికాలో పుట్టింది. వెనుక ఇరుసుపై 8170 కిలోల బరువున్న లారీని నిలిపి, జంట టైర్ల మధ్య బీమ్ కొనను రోడ్డుకు ఆనిస్తారు. లారీ మెల్లగా ముందుకు కదలగానే కుంగిన రోడ్డు పైకి లేస్తుంది. ఆ తేడాను డయల్ గేజి చూపుతుంది. బీమ్ చేతుల నిష్పత్తి 2:1 కనుక రీడింగును రెట్టింపు చేయాలి. (ఇది మరిచి వైవాలో మార్కులు పోగొట్టుకున్నవారు మాలోనే ఉన్నారు!) ఉష్ణోగ్రత కోసం చిన్న రంధ్రం చేసి, గ్లిజరిన్ పోసి థర్మామీటరు పెడతారు. అంతమాత్రం గాయం తప్పదు.

కానీ బీమ్ మొత్తం రోడ్డుకు ఒకే అంకె ఇస్తుంది. ఏ పొరది తప్పో చెప్పదు. ఆ పని చేసేది ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్. దీని వాడకంపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. 300 మిల్లీమీటర్ల వ్యాసం గల పళ్లెంపై బరువు జారవిడుస్తారు. రోడ్డు క్షణంలో గిన్నెలా కుంగి లేస్తుంది. వరుసగా పెట్టిన సెన్సార్లు ఆ గిన్నె ఆకారాన్ని పట్టుకుంటాయి. దూరపు సెన్సార్ల వద్ద కూడా బాగా కుంగితే అడుగు మట్టి మెత్తన; దూరాన తక్కువగా, పళ్లెం దగ్గరే లోతుగా కుంగితే పై పొరలు బలహీనం. ఖరగ్‌పూర్ ఐఐటీ తయారుచేసిన ‘కేజీపీబ్యాక్’ ప్రోగ్రాం ఈ కొలతల నుంచి ఒక్కో పొర గుణకాన్ని లెక్కగడుతుంది.

మన గేటు దగ్గర వాన నీరు రోడ్డు అంచున రోజుల తరబడి నిలుస్తుంది. లోపం మట్టిలోనే ఉందని మా అనుమానం. మట్టి బాగా నానిన సమయంలో, అంటే వర్షాకాలం ముగియగానే బీమ్ పరీక్ష చేయడం మంచిది. లారీ దొరికితే కళాశాల బీమ్ ఇస్తామని మా లెక్చరరు గారు అన్నారు. నీరు నిలిచే చోట, నిలవని చోట కొలిచి పోల్చి చూస్తాం.