వృద్ధులగు తలిదండ్రులకు తోడెప్పుడు కావలెను?



మా తండ్రిగారు గతించిన పిమ్మట మా తల్లిగారు కృష్ణా డెల్టాలోని యొక పల్లెలో ఒంటరిగా నుండిరి. మేము పట్టణమున ఉపాధ్యాయులమై యుండి, ప్రతి యాదివారమును ఫోనులో "అమ్మా, ఎట్లున్నావు?" అని యడుగుచుంటిమి. "నాకేమి నాయనా, నిక్షేపముగా నున్నాను" అని వారు బదులు చెప్పుచుండిరి. ఒక సంక్రాంతి సెలవులలో మేమింటికి పోయినప్పుడు పాలగిన్నె యడుగు నల్లగా మాడియుండెను. పప్పులో రెండుమారులు ఉప్పు పడియుండెను. నడవలో పోవునప్పుడు వారి చేయి గోడను తడవుచుండెను. మేము నవ్వి యూరకుంటిమి. వేసవి రాకమునుపే వారొక రాత్రి దొడ్డిలో జారిపడి తుంటియెముక విరుగగొట్టుకొనిరి. తెల్లవారి పాలు పోయువాడు వచ్చువరకు నేలమీదనే యుండిరి. సంక్రాంతినాడు ఆ యిల్లు మాకు చెప్పిన మాటను మేము వినలేదు. అట్టి పొరపాటు మీకు కలుగకుండుటకై యీ పాఠమును వ్రాయుచున్నాము.

మనుష్యుడు స్వతంత్రముగా బ్రదుకుటకు కావలసిన పనులు రెండు తరగతులు. మొదటివి దేహమునకు సంబంధించినవి: స్నానము చేయుట, బట్ట కట్టుకొనుట, మరుగుదొడ్డికి పోవుట, మంచము దిగుట, భుజించుట. 1963లో అమెరికాలో సిడ్నీ కాట్జ్ అను వైద్యుడును ఆయన తోడివారును వీనినొక పట్టికగా కూర్చిరి. రెండవవి సంసారమునకు సంబంధించినవి: వంట, అంగడి బేరము, డబ్బు లెక్క, వేళకు మందు వేసికొనుట, ఫోనులో మాటలాడుట, ఊరి ప్రయాణము. వీనిని 1969లో లాటన్, బ్రోడీ అను నిరువురు పట్టిక వేసిరి. సామాన్యముగా రెండవ తరగతి పనులే ముందుగా తప్పును. కావున అమ్మమ్మగారు ఉతికిన చీర కట్టుకొని యరుగుమీద కూర్చున్నంతమాత్రమున అంతయు సరిగా నున్నదని తలపరాదు.

అయితే గుర్తులను ఎక్కడ వెదుకవలెను? మొదట వంటయింట. మాడిన గిన్నెలు, బూజుపట్టిన పచ్చడి, ఆర్పక విడిచిన పొయ్యి కనబడునేమో చూడుడు. రెండవది మందులలో. 30 దినములకు 30 మాత్రలు తెచ్చి యిచ్చితిమి. 20 దినములు గడచిన పిమ్మట 10 మిగిలియుండవలెను. 20 మిగిలినచో 10 దినములు మరచిరి. 4 మాత్రమే మిగిలినచో కొన్ని దినములు రెండేసి మ్రింగిరి. ఈ లెక్క మూడవ తరగతి బాలుడు సైతము చేయగలడు. మూడవది కాగితములలో: కట్టని కరెంటు బిల్లు, విప్పని ఉత్తరము. నాలుగవది దేహమున: వదులైన రవికె, కమిలిన మోచేయి, గోడ పట్టుకొను నడక. అయిదవది మాటలో: చెప్పినదానినే పలుమారు చెప్పుట, ఎరిగిన వీథిలో దారి తప్పుట, ఇరుగుపొరుగువారితో రాకపోకలు మానుట.

నడకకొక సులభమైన పరీక్ష గలదు. కుర్చీనుండి లేచి, 3 మీటర్లు నడచి, వెనుదిరిగి వచ్చి కూర్చుండుమని చెప్పుడు. ప్రక్కన నొకరు నిలువవలెను. దీనికి 12 సెకనులు గాని అంతకు మించి గాని పట్టినచో పడిపోవు భయము గలదని వైద్యులు తలంతురు.

ఇతరులతో పోల్చవలదు, వారిని వారితోనే పోల్చుడు. ఎన్నడును పద్దు వ్రాయని తాతగారు ఇప్పుడు వ్రాయకున్న నది గుర్తు కాదు. నలువది యేండ్లు పద్దు వ్రాసిన తాతగారు మానివేసినచో నది గుర్తు.

గుర్తు కనబడగానే "ముసలితనము" అని తీర్పు చెప్పుటయు తప్పే. విటమిన్ బి12 కొరత, థైరాయిడ్ మాంద్యము, చెవుడు, కంటి శుక్లము, కొన్ని మందుల దోషము కూడ మతిమరుపువలె, నిరుత్సాహమువలె కనబడవచ్చును. వీనిలో పెక్కింటికి చికిత్స గలదు. నిన్న బాగుగా నున్నవారు నేడు హఠాత్తుగా తికమకపడినచో ఆలసింపక వైద్యునియొద్దకు కొనిపోవలెను.

సహాయమనగా వారి చేతిలోని పనిని లాగుకొనుట కాదు. ఆ పనిని వారే చేసికొనుటకు వలసిన ఆధారము నిచ్చుట. స్నానపు గదిలో నొక పట్టుకమ్మి, మంచమునుండి దొడ్డివరకు రాత్రి దీపము, వారమునకు ఏడు గదుల మందుల పెట్టె, పొరుగింట నొక తాళపుచెవి, దినమున కొకమారు ఫోను — ఇవి మొదటి మెట్టు. ఇవి చాలనప్పుడు పనిమనిషి, అటుపిమ్మట కలసి నివసించుట. ఏ మెట్టెక్కినను ముందు వారి నడుగుడు. "నీకు చేతకాదు" అనక, "ఏ పని కష్టముగా నున్నదమ్మా?" అనుడు.

ఇది ప్రేమధర్మమే గాక చట్టధర్మము కూడ. 2007లో మన దేశమున తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము చేయబడెను. తమ్ము తాము పోషించుకొనజాలని తలిదండ్రులను పోషించు బాధ్యత దానివలన సంతానముపై నున్నది. వృద్ధులకు సలహా కావలసినచో 14567 అను ఫోను నంబరు గలదు. బిడ్డలు హైదరాబాదులోనో అమెరికాలోనో యున్న యిండ్లలో ఈ నంబరును గోడమీద పెద్దయక్షరములతో వ్రాసియుంచుట మేలు.

మా తల్లిగారు తరువాత మా యింటనే జీవించిరి. మమ్మెన్నడును నిందింపలేదు. కాని సాయంకాలమున తన వంటయిల్లు, తన దొడ్డిలోని జామచెట్టు తలచుకొని మౌనముగా కూర్చుండెడివారు. ఒక పట్టుకమ్మియు ఒక దీపమును సకాలమున అమర్చియుంటిమేని వారు మరి కొన్నియేండ్లు అచ్చటనే యుండియుందురేమో!

విద్యార్థులారా! సెలవులలో తాతగారింట ఎక్కువ దినములుండువారు మీరే. ఈ సెలవులలో మీకిదియే పాఠము: వారితో కూర్చుండి భుజింపుడు, వారితో నడువుడు, మాత్రలు లెక్కింపుడు. చూచినదానిని ఎగతాళి చేయక మీ తలిదండ్రులకు చెప్పుడు. మేము నవ్వి యూరకున్న చోట మీరు ఊరకుండకుడు.