మరీ కడిగేసిన నీళ్ళు

చెల్లీ, రాత్రి నువ్వు పంపిన ఫోటో పదిసార్లు చూసుంటాను. కొన్ననాడు చిలకపచ్చగా మెరిసిన నీ తొట్టెలో పగడం, ఆ హ్యామర్ కోరల్, ఇప్పుడు ముదురుపాకం పట్టిన బెల్లం రంగుకి తిరిగింది. "అక్కా, ఇది చచ్చిపోతోందా?" అని గొంతు తగ్గించి అడిగావు చూడు, నాకు గుండె కలుక్కుమంది. చచ్చిపోవడం లేదే. కండ నిండుగా ఉంది, తలలన్నీ విచ్చుకునే ఉన్నాయి. నీళ్ళలో సారం ఎక్కువై, వెలుతురు చాలక అలా తిరిగింది. మెల్లగా దారికి తెచ్చుకోవచ్చు. కానీ ఫోన్ పెట్టేసేముందు "రేపే నీళ్ళన్నీ మార్చేసి, ఫాస్ఫేట్ లాగేసే గుళికలు రెట్టింపు పోసేస్తా" అన్నావు కదా, ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. ఆ పని నేనొకసారి చేశాను. అందుకే పొద్దున్నే కాఫీ కలుపుకుని నీతో మాట్లాడదామని కూర్చున్నాను.

ముందు ఈ రంగు ఎక్కణ్ణించి వస్తుందో చెప్పనీ. అమ్మ పసుపుతాడులో నల్లపూసల మధ్య పగడాలుండేవి, గుర్తుందా? మధ్యధరా సముద్రంలో, వెలుతురు అంతంతమాత్రంగా ఉండే చోట పెరిగే జీవి ఎముక అది. ఎరుపు ఎముకలోనే ఉంటుంది. ఎంత సానబట్టినా లోపలంతా ఎరుపే. మన తొట్టెలో పెంచుకునేవి వేరు. వీటి ఎముక సుద్దలా తెల్లన. రంగంతా దానిమీద కప్పుకున్న పల్చటి కండలో ఉంది. ఆ కండ చిక్కితే రంగు పోతుంది, కండ ఊడితే తెల్లటి రాయి మిగులుతుంది.

ఆ కండలో రెండు రకాల రంగులు కాపురం చేస్తాయి. గోధుమరంగు దాని కణాల్లో ఉండే నాచుది. కంటికి ఆనని ఆ నాచు పగలంతా వెలుతురుతో వండి పెడుతుంది. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఆ వంటే. పచ్చ, గులాబీ, ఊదా మాత్రం పగడం సొంతంగా తయారుచేసుకునే ప్రొటీన్లు, చాలామటుకు ఎండకి పట్టుకున్న గొడుగులు. 1962లో ఒసాము షిమోమురా ఒక జెల్లీఫిష్‌లో ఇలాంటి పచ్చ ప్రొటీన్ని పట్టుకున్నారు. ఆయనకీ మరో ఇద్దరికీ 2008లో నోబెల్ వచ్చింది ఆ పచ్చ ప్రొటీన్ మీదే. దాని చుట్టాలు పగడాల్లో ఉన్నాయని 1999లో రష్యా శాస్త్రవేత్తలు తేల్చారు, అదీ మాస్కోలో అక్వేరియం తొట్టెల్లో పెరిగిన పగడాల్లోంచి. ఆ సంగతి తెలిసినప్పుడు నాకెంత సంబరమైందో. మన చేతిలో ఉన్నది అంత విలువైన ప్రాణి.

ఇప్పుడు నీ హ్యామర్ సంగతి. నీళ్ళలో నైట్రేటూ ఫాస్ఫేటూ పెరిగితే నాచు పిల్లాపాపలతో పెరిగిపోతుంది. వెలుతురు తగ్గితే దొరికిన కాస్తా పట్టుకోవాలని నాచు తన రంగు ముదర పెట్టుకుంటుంది. ఎండే లేనప్పుడు గొడుగెందుకని పగడం తన పచ్చదనం తగ్గించుకుంటుంది. మూడూ కలిసి గోధుమరంగు. కడుపు నిండినవాడి మొహం అది. దీనికి ఎదురు పాలిపోవడం, ఆకలి రంగు. నేను భయపడేది దానికే.

మూడేళ్ళ కిందట నా తొట్టెలో ఫాస్ఫేట్ 0.12, నైట్రేట్ 20 దగ్గర ఉండేవి. పగడాలు మరీ మెరిసిపోకపోయినా సుఖంగానే ఉన్నాయి. నాకది చాల్లేదు. అమ్మ చేతికింద పెరిగినవాళ్ళం, గిన్నె తోమితే మొహం కనపడాలి కదా మనకి. ఫాస్ఫేట్ లాగే తుప్పురంగు గుళికలు రియాక్టర్ నిండా పోశాను. మురికిని నురగగా తీసే స్కిమ్మర్ ఎప్పుడూ నడుస్తూనే ఉంది. చేపలకి రోజు విడిచి రోజు తిండి. వారానికి రెండుసార్లు నీళ్ళ మార్పు. మూడోవారం పరీక్షలో ఫాస్ఫేట్ 0.00 చూపించింది. నైట్రేట్ సీసాలో రంగే రాలేదు. ఆ సున్నాలు చూసుకుని ఎంత పొంగిపోయానో మీ బావగారినడుగు.

అదే వారం నా బర్డ్స్‌నెస్ట్ పగడం లేతగులాబీలోంచి ధగధగలాడే గులాబీకి వచ్చింది. నీకు ఫోటో పంపాను, "అబ్బ, దిష్టి తగులుతుందే" అన్నావు. లోపల నాచు పోతోందని మనిద్దరికీ తెలీలేదు. నాచు పల్చబడితే వెలుతురు లోపలి తెల్లటి ఎముక మీద పడి వెనక్కి కొడుతుంది, ఆ తాకిడికి పగడం గొడుగు రంగులు ఎక్కువెక్కువ పట్టుకుంటుంది. నాచుని మళ్ళీ ఇంట్లోకి పిలుచుకోవడానికి నీడ కల్పించుకుంటోందన్నమాట. సౌతాంప్టన్ యూనివర్సిటీ పగడాల ప్రయోగశాలవాళ్ళు 2020లో ఈ సంగతి వివరంగా రాశారు. అది ముస్తాబు కాదమ్మా, ఆర్తి. పది రోజుల్లో కొమ్మల మొదళ్ళ దగ్గర కండ ఊడడం మొదలైంది. ఒక పొద్దున్న లైట్లు వెలిగేసరికి సగం కొమ్మలు తెల్లగా ఉన్నాయి. నా హ్యామర్ కూడా లోపలికి ముడుచుకుపోయి, ఎముక గీతలు చర్మంలోంచి పొడుచుకొచ్చాయి, చిక్కిపోయిన దూడ పక్కటెముకల్లాగ. బర్డ్స్‌నెస్ట్ దక్కలేదు. హ్యామర్ నాలుగు తలల్లో మూడు దక్కాయి. ఆ నాలుగో తల ఉన్నచోట తెల్లటి మొండెం ఇప్పటికీ అలాగే ఉంది. తీసెయ్యమంటారు మీ బావగారు. నేను తియ్యను.

ఫాస్ఫేట్ ఆకలి పెట్టడం ఎంత ప్రమాదమో అదే ప్రయోగశాలవాళ్ళు 2013లోనే చెప్పారు. నైట్రేట్ నిండుగా ఉండి ఫాస్ఫేట్ లేకపోతే పగడం వేడికీ వెలుతురుకీ తట్టుకోలేక తొందరగా తెల్లబడిపోతుంది. నేను గుళికలు తీసేశాను, చేపలకి రోజూ రెండుపూటలా పెట్టాను, లైటు మూడోవంతు తగ్గించాను. మళ్ళీ నిండుకండ పట్టడానికి రెండు నెలలు పట్టింది. పాడుచెయ్యడానికి నెల చాలింది.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇదీ. నీ ఫాస్ఫేట్ 0.25, నైట్రేట్ 40 అన్నావు. ఫాస్ఫేట్ 0.03కీ 0.10కీ మధ్యకీ, నైట్రేట్ 5కీ 10కీ మధ్యకీ దిగితే చాలు. అదీ నెలా నెలన్నరలో. గుళికలు డబ్బామీద రాసినదాంట్లో సగం వెయ్యి. వారానికి పదో వంతు నీళ్ళు మార్చు. కొళాయి నీళ్ళు వద్దు, ఆర్.ఓ.డి.ఐ. నీళ్ళే, టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. ఆ సున్నా మాత్రం మంచిదే. ఉప్పు కలిపాక 35 పీపీటీ ఉందో లేదో చూసుకో. గడ్డకట్టిన మైసిస్ రొయ్యల్ని కరిగించి, జల్లెడలో వడకట్టి వెయ్యి. ఆ మంచునీళ్ళు తొట్టెలో పొయ్యకు.

వెలుతురు సంగతి: ముందు అద్దాలు తుడువు, దీపం మీది ఉప్పు మరకలు తుడువు, యాక్టివేటెడ్ కార్బన్ కొంచెం పెట్టు. నీళ్ళలో పసుపుఛాయ పోతే అదే కొంత వెలుతురు. ఆ తరవాత మీ ఊరి రీఫ్ క్లబ్బులో వెలుతురు కొలిచే పార్ మీటరు అద్దెకిస్తారేమో కనుక్కో. హ్యామర్‌కి 100 నుంచి 150 చాలు. ఆక్రోపోరాకైతే 250 పైన కావాలి, అది నీకిప్పుడే వద్దు. లైటు వారానికి ఐదు శాతం చొప్పున పెంచు. ఒక్కసారి పెంచితే మే నెల ఎండలో చంటిపిల్లని పడుకోబెట్టినట్టే.

ఇంకొక్కటి, నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం: ఆల్కలినిటీ. పగడం ఎముక కట్టుకోవడానికి నీళ్ళలోంచి కాల్షియం, కార్బొనేట్ రోజూ లాక్కుంటుంది. నీళ్ళు ఎనిమిదిన్నర డీకేహెచ్ దగ్గర ఉన్నాయనుకో, రేపూ ఎల్లుండీ అక్కడే ఉండాలి. కాల్షియం 420, మెగ్నీషియం 1300 చిల్లర దానికి తోడు. పెరుగు తోడుకుంటున్నప్పుడు గిన్నె కదపం చూడు, అలా ఉంచాలి నీళ్ళని. నువ్వు ఆల్కలినిటీ పెంచే ద్రావణం ఆదివారం ఆదివారం ఒక కప్పు పోసేస్తున్నావు. ఆరోజు పది, శనివారానికి ఏడు. ఆ పోసేదాన్ని ఏడు భాగాలు చేసి రోజూ పొయ్యి. రోజూ ఒకే టైముకి పరీక్ష చెయ్యి, గోడమీద కాలెండర్లో అంకె రాసుకో. ఎప్పుడైనా తగ్గిందనిపిస్తే రోజుకి ఒక డీకేహెచ్‌కి మించి పెంచకు. నీళ్ళ వేడి 78 ఫారన్‌హీట్ దగ్గర నిలిస్తే చాలు.

తిండి పెట్టడం నీకు చూపించాలని ఎంత ఉందో. రాత్రి లైట్లు ఆరిన గంటకి, మోటార్లు కాసేపు ఆపి, టార్చిలైటుకి ఎర్ర కాగితం చుట్టి పట్టుకో. పగలు చూసిన పగడం కాదది. నా ఆకాన్ పగడం ఉంది కదా, పగలు మామిడిటెంకలా పడుంటుంది, రాత్రయితే అంచులనుంచి నూలుపోగుల్లాంటి వేళ్ళు బయటికి చాస్తుంది. పిల్లనగ్రోవంత పిప్పెట్‌తో ఒక మైసిస్ దించు. ఆ వేళ్ళు అంటుకుంటాయి, వంగుతాయి, నోటి దగ్గరకి చేరవేస్తాయి. నోరు కుట్టు విప్పినట్టు తెరుచుకుని, పదినిమిషాల్లో మూసుకుంటుంది. పిల్లలకి మొదటి ముద్ద పెట్టినప్పుడు కలిగిన తృప్తే ఇది. వారానికి ఒకసారి చాలు. ఎక్కువైతే మళ్ళీ ఫాస్ఫేట్ పెరుగుతుంది.

కొట్లో రంగులు చూసి మోసపోకు. అక్కడ నీలం దీపాల కింద పెడతారు. నీలం కిందే ఆ పచ్చ ప్రొటీన్లు వెలుగుతాయి. కొనేముందు "తెల్లలైటు వెయ్యండి" అని అడుగు. తెల్లలైటులో కండ నిండుగా, అంచులు చిరగకుండా ఉన్నదాన్నే తెచ్చుకో. తొట్టెల్లో పెంచి తుంచిన ఫ్రాగులే అడుగు, సముద్రంలో విరిచినవి వద్దు. ఇంటికి తెచ్చాక మందునీళ్ళలో ముంచి, పురుగులు రాలాకే తొట్టెలో పెట్టు. టార్చ్ కోరల్ పక్కన ఏదీ ఉంచకు, రాత్రిపూట పొడుగాటి మీసాలు చాచి కుడుతుంది. జోవాంతిడ్‌లనే పగడాల చుట్టాల్ని ముట్టుకునేటప్పుడు చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు. వాటి రాళ్ళని ఎన్నడూ మరిగించకు, వేడినీళ్ళతో రుద్దకు. వాటి జాతిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, హవాయిలో 1971లో వేరుచేశారు దాన్ని. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సందర్భాలున్నాయి. పిల్లలున్న ఇల్లు మీది.

అన్నట్టు విశాఖనుంచి పెద్దక్క అడిగింది, "నేనూ ఒకటి పెట్టుకోనా, ఎవరో చాటుగా అమ్ముతున్నారట" అని. వద్దక్కా అన్నాను. మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ - ఎక్కడివైనా సరే, రీఫ్ కట్టే రాతిపగడాలు ఇండియాలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులి ఉన్న జాబితాలోనే. తియ్యడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. అక్కకి అంత మక్కువ ఉంటే మన్నార్‌లో అద్దపుపడవ ఎక్కి చూసిరమ్మన్నాను. వచ్చే వేసవిలో నేనొస్తే ఇద్దరం కలిసి వెళ్దామంది.

ఇవాళ నువ్వు చెయ్యాల్సింది ఇంతే. ఆ గుళికల డబ్బా ఇవాళ్టికి మూతపెట్టి పై అరలో పెట్టెయ్యి. సాయంత్రం మరిదిగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఫాస్ఫేట్, నైట్రేట్, ఆల్కలినిటీ మూడూ మళ్ళీ కొలవండి. అంకెలు నాకు చెప్పు. తెల్లలైటులో, అద్దం తుడిచి, ఇంకో ఫోటో తియ్యి. తొమ్మిదింటికి ఫోన్ దగ్గరే ఉంటాను.